నడుముకి సీసం కట్టుకున్న చాంపియన్

నా పైవరుసలో ముందున్న ఖాళీ సాక్షిగా, అక్కడ ఒకప్పుడు ఉండిన పన్ను సాక్షిగా, హాడో రేవులో ఇన్నేళ్ళుగా నేను మోసిన బస్తాల సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఛాతీ ఆసుపత్రి బల్ల మీద ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని, పేరు పిలుస్తారేమోనని వాకిలి వైపు చూస్తూ ఇది చదువుతున్నవాళ్ళు మాత్రం నన్ను నమ్మండి. మీ కోసమే రాస్తున్నాను.

నా పేరు అప్పలరాజు. మా తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టాను. పగలు రేవులో పని, సాయంత్రం బాక్సింగ్. వరసగా మూడేళ్ళు ఈ దీవులన్నిటికీ వెల్టర్ వెయిట్ చాంపియన్ని నేనే.

వెల్టర్ వెయిట్ అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క. మనిషి అరవై నాలుగు కిలోలు దాటి ఉండాలి, అరవై తొమ్మిది దాటకూడదు. పోటీ రోజు పొద్దున కాటా ఎక్కిస్తారు. రవ్వంత ఎక్కువైనా ఇంటికి పంపేస్తారు. నా ఒళ్ళు మామూలుగా డెబ్బై మూడు. మా ఆవిడ సత్యవతి వంజరం పులుసు పెట్టిన వారం డెబ్బై నాలుగు. అందుకని నేను ఎదుటివాళ్ళతో పోరాడింది తక్కువ, అన్నంతో పోరాడింది ఎక్కువ. పోటీలు పది రోజులున్నాయనగా స్వెట్టరు, దాని మీద రెయిన్‌కోటు తొడుక్కుని మిన్నీ బే రోడ్డు మీద పరుగెత్తేవాణ్ణి. నీళ్ళు పుక్కిలించి ఉమ్మడమే కానీ మింగడం లేదు. పోలీసులో రిటైరైన మా ఉస్తాద్ వెనకాల స్కూటరు మీద వస్తూ, "ఔర్ పసీనా, రాజూ, ఔర్ పసీనా" అనేవాడు. ఇంకా చెమట పట్టాలన్నమాట. ఆయన లెక్కలో శిష్యుడు చిక్కితే బాగుపడ్డట్టు, ఒళ్ళంతా తడిస్తే ఇంకా బాగుపడ్డట్టు. ఆ లెక్కే నన్ను పోగొట్టేసేది.

2004 డిసెంబరు, ఆదివారం పొద్దున

కొత్త సంవత్సరం పోటీలకి వారం ఉంది. నాలుగు రోజులుగా నా కడుపులో ఒక బొప్పాయి ముక్క, రెండు గుడ్ల తెల్లసొన తప్ప ఏమీ లేవు. మిన్నీ బేలో పరుగెడుతుంటే కాళ్ళ కింద నేల ఊగింది. నీరసానికి కళ్ళు తిరుగుతున్నాయనుకుని రోడ్డు పక్కన కూర్చున్నాను. ఎదురుగా కరెంటు స్తంభం కూడా ఊగుతోంది. దీనికీ ఎవరో పథ్యం పెట్టారు కాబోలు అనుకున్నాను. గోడలు విరిగి పడుతుంటే గానీ అది భూకంపమని నాకు తట్టలేదు.

తర్వాత సముద్రం లేచింది. మొదటి రౌండులో మోకాళ్ళ దాకా వచ్చి పోయింది. రెండో రౌండులో నెత్తి మీద నుంచి వచ్చింది. నేను ఎడమచేత్తో, పక్క నుంచి తిప్పి కొట్టే హుక్ ఒకటి విసిరాను. అలకి తగిలిందనే అనుకుంటున్నాను, ఎందుకంటే దానికి కోపం వచ్చింది. విరిగిన పడవ చెక్కనొకదాన్ని గ్లవ్‌లా తొడుక్కుని నా మూతి మీద ఒక్కటిచ్చింది. పన్ను అక్కడే పోయింది. కడుపు నిండా ఉప్పునీళ్ళు తాగి, ఒక కొబ్బరిచెట్టును కావలించుకుని బయటపడ్డాను. ఒళ్ళు చూసుకుంటే స్వెట్టరుంది, రెయిన్‌కోటు లేదు. రేవు దగ్గర పోటీల కోసం బిగించిన రింగు తాళ్ళతో సహా సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ అది బర్మా తీరంలో ఎవరి పెరట్లోనో ఉందని నా నమ్మకం.

ఆ తర్వాతి రోజుల గురించి మాత్రం నవ్వులాట ఆడను. కార్ నికోబార్ నుంచి ఓడలు వస్తే జెట్టీ మీద మనుషుల్ని దించాం. కొందరిని ఎత్తుకుని దించాం. చేతిలో కొబ్బరికాయ పట్టుకుని దిగిన ఒక పెద్దాయన దాన్ని నా చేతికిచ్చి, మళ్ళీ అడగలేదు.

2005, జనవరి నుంచి మే దాకా

పగలంతా బియ్యం బస్తాలు, దుప్పట్ల మూటలు ఓడల నుంచి దించడం. అందరికీ దగ్గే, అందరికీ జ్వరమే. నాకూ వచ్చాయి. మింగిన ఉప్పునీరు ఇంకా లోపలే ఉందనుకున్నాను. ఒక రోజు గిడ్డంగిలో బస్తాలు తూచే కాటా మీద సరదాగా ఎక్కితే అరవై తొమ్మిది చూపించింది.

నా ఆనందం ఏం చెప్పను. పరుగు లేదు, పథ్యం లేదు, అరవై తొమ్మిది. ఫిబ్రవరిలో అరవై ఏడు. ఉస్తాద్ నా భుజం తట్టి, ఇన్నేళ్ళకి నీకు క్రమశిక్షణ వచ్చిందన్నాడు. తెల్లారేసరికి బనీను పిండితే చెమట కారుతోందని చెబితే ఆయన కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. "నిద్రలో కూడా సాధన చేస్తున్నావురా" అన్నాడు. ఆకలి చచ్చిపోయిందని చెబితే మిగతా కుర్రాళ్ళని నిలబెట్టి, నన్ను చూసి నేర్చుకోమన్నాడు. దవడలు లోపలికి పోతే, అసలైన బాక్సరు మొహం ఇప్పుడొచ్చిందన్నారు. నేను అద్దంలో చూసుకుని నిజమేననుకున్నాను. రేవులో ఇంకెవరికైనా ఇలా జరిగితే వారంలో ఆసుపత్రికి పోయేవాడు. బాక్సర్ని కాబట్టి నేను మాత్రం మిఠాయి పంచాను.

ఒక్క సత్యవతే నమ్మలేదు. నాకు మేనత్త కూతురు, నా ఒళ్ళు చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి.

"ఏటి మావా, సొక్కా నీ మీద ఉందా, దండెం మీద ఉందా?"

"చాంపియన్లు ఇలాగే ఉంటారే."

"ఆ దగ్గేటి మరి?"

"సునామీ నీళ్ళు."

"నాలుగు నెల్లయినాది. సముద్రం కూడా ఎనక్కెళిపోనాది. నీ లోపలి నీళ్ళకేటి, క్వార్టరిచ్చేరా?"

నేను నవ్వాను. నవ్వుతుంటే దగ్గొచ్చింది. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత మూడు రోజులు కంచం పెట్టేది, తినకుండా వదిలేసిన కంచం తీసేది, అంతే.

ఆగిపోయిన పోటీలు మే నెలలో పెట్టారు. కాటాకి నాలుగు రోజుల ముందు గిడ్డంగిలో ఎక్కితే ముల్లు అరవై రెండు దగ్గర ఆగింది. కాటా పాడైందనుకుని పక్కన ఒక బియ్యం బస్తా పెట్టి చూశాను. బస్తా సరిగ్గా తూగింది. అరవై రెండంటే నేను వెల్టర్‌ని కాదు. దాని కింది క్లాసువాడిని. నా పట్టం దానంతట అదే రంగత్ నుంచి వచ్చే తపన్‌కి పోతుంది. మూడేళ్ళూ ఫైనల్లో నా చేతిలో ఓడిన బెంగాలీ కుర్రాడు తపన్. నాకంటే మూడేళ్ళు చిన్న, నాకంటే మంచివాడు.

అప్పుడు నేను చేసిన పని ప్రపంచంలో ఏ బాక్సరూ చేసి ఉండడు. అందరూ బరువు దాచడానికి దొంగదారులు వెతుకుతారు. నేను బరువు తెచ్చుకోవడానికి వెతికాను. మా బావమరిది వల అంచుకి కట్టే సీసపు గుళ్ళు రెండున్నర కిలోలు తెచ్చి, నా నిక్కరు నడుం పట్టీలో చుట్టూ కుట్టుకున్నాను.

కాటా రోజున ఎక్కాను. అరవై నాలుగున్నర. అధికారి రాసుకోబోతున్నాడు. సరిగ్గా అప్పుడు దగ్గొచ్చింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి నిక్కరు నా మాట వినకుండా కిందికి జారి, కాటా రేకు మీద గుడి గంట కొట్టినట్టు మోగింది. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. నవ్వనివాళ్ళు ఇద్దరు. ఒకరు పోటీల డాక్టరు, నా పక్కటెముకల వైపు చూస్తున్నాడు. రెండోవాడు తపన్. వచ్చి నా నిక్కరు పైకి లాగి, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు గొట్టం నా వీపు మీద ఆనించి, చాలాసేపు విని, "ఎన్నాళ్ళుగా?" అన్నాడు. నేను చాంపియన్ని కదా, గొప్పగానే చెప్పాను, "జనవరి నుంచి" అని.

జూన్, జూలై

క్షయ. మాట చిన్నది. ఆ మాట విన్నాక అందరూ నాకు ఒకడుగు దూరం జరిగారు. క్వార్టర్సులో పక్కింటివాళ్ళు వాకిలి తలుపు మూసే ఉంచారు. మా అన్నయ్య ఆస్టినాబాద్ నుంచి వచ్చి గేటు దగ్గరే నిలబడి, ఎలా ఉందని అడిగి, గేటు దగ్గర నుంచే వెళ్ళిపోయాడు. తప్పు పట్టను. వాళ్ళింట్లో చంటిపిల్లలున్నారు.

ఆసుపత్రి బల్ల గురించి చెప్పాలి. పొడుగాటి చెక్క బల్ల, ఒక కాలు పొట్టి. ఎవరు లేచినా మిగతా అందరం ఒక పక్కకి ఒరుగుతాం. అలా ఒరిగినప్పుడల్లా ఒకరినొకరు చూసుకుని మొహమాటంగా నవ్వుకునేవాళ్ళం. సత్యవతి నా పక్కనే కూర్చునేది. ముక్కుకి చీరకొంగు కట్టుకోమంటే కట్టుకుంది కానీ జరగమంటే జరగలేదు.

వార్డులో వేశారు. మొదట్లో మాత్రలు పడలేదు. తిన్నది తిన్నట్టే బయటికొచ్చేది. ఒంటేలు ఎర్రగా వస్తే లోపల ఏదో తెగిందనుకున్నాను. వార్డు నర్సు మేరీ దీదీ నింపాదిగా, "గోలీ కా రంగ్ హై, చాంపియన్" అంది. అది మాత్ర రంగేనట. ముందే చెబితే ఏం పోయేదని అడిగితే, ఇంత పెద్ద మనిషి ఎలా భయపడతాడో చూద్దామనుకుందట.

ఆవిడ పద్ధతి ఒకటుంది. మాత్రలు ఆవిడ ఎదురుగానే మింగాలి. మింగాక, "ముంహ్ ఖోలో" అంటుంది. నోరు తెరవాలి. "జీభ్ ఉఠావ్." నాలుక పైకెత్తాలి. టార్చి వేసి, దవడల మూల దాకా చూసి గానీ వదలదు. దీవుల చాంపియన్ని, బడిపిల్లాడిలా నోరు తెరిచి నిలబడేవాణ్ణి.

ముల్లు యాభై ఆరుకి వచ్చింది. ఫెదర్ వెయిట్ అంటారు దాన్ని, ఈకబరువు. ఆ పేరు పెట్టినవాడెవడో నన్ను చూసే పెట్టి ఉంటాడు. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడట్లేదని మంచం పక్కన నిలబడి గోడ వైపు ఒక జాబ్, అంటే తిన్నగా కొట్టే గుద్దు, విసిరాను. చెయ్యి సగం దూరం వెళ్ళి, మిగతా సగం ఎందుకులే అన్నట్టు కింద పడింది. మంచం మీద కూర్చుండిపోయాను. సత్యవతి వాకిట్లో నుంచి చూసిందని తర్వాత తెలిసింది.

"ఇంకెంత కిందికి దిగుతానే?" అని అడిగాను. అంతకుముందు ఎవరినీ అడగని ప్రశ్న.

ఆమె క్యారియరు మూత తీస్తూ, నా వైపు చూడకుండా అంది. "ఎంత కావాలో అంత దిగు. కింద నాను నిలబడున్నాను. నన్ను దాటి ఎల్లవు."

ఆ రోజు గంజి కడుపులో నిలబడింది.

ఆ వారమే తపన్ వచ్చాడు. రంగత్ నుంచి పొద్దున్నే బస్సెక్కి, మూతికి రుమాలు కట్టుకుని, గడ్డి పరిచిన బుట్టలో బాతుగుడ్లతో. పోటీలో ఎవరూ ఎదురు లేక పట్టం అతనికే ఇచ్చారు. ఆ సంగతి చెబుతుంటే ఏదో అవమానం జరిగినట్టుంది మొహం.

"రాజు భయ్యా, నిన్ను కొట్టకుండా నేను చాంపియన్ ఎలా అవుతాను? మా ఊళ్ళో అందరూ నవ్వుతున్నారు. నిక్కరు మీద గెలిచాడంటున్నారు." అతను మాట్లాడేది హిందీ, నేను రాసేది తెలుగు, కోపం మాత్రం రెంటిలోనూ ఒకటే. "రోజుకి రెండు గుడ్లు తిను. మళ్ళీ అరవై తొమ్మిదికి రా. నిన్ను సరిగ్గా కొడతాను."

"బాక్సింగ్‌లో నన్ను కొట్టడం నీ వల్ల కాదు, తమ్ముడూ."

"ముందు గుడ్డు తిను."

సత్యవతి బుట్ట అందుకుని మంచం కింద పెడుతూ, "వచ్చే నెల కూడా తే, తమ్ముడూ. ఈయన్ని కొట్టడానికి నాకూ ఒక మనిసి కావాలి" అంది.

ఆ ఏడాది చివరిదాకా

ఇక్కడి నుంచి నా కథలో ముల్లు పైకే. నెలకొకసారి తపన్ గుడ్లు. ఇంటి నుంచి క్యారియరులో చేపలు. వారానికి మూడుసార్లు మేరీ దీదీ టార్చి. రెండో నెలకి కఫంలో పురుగు లేదన్నారు. అదే మాట మీకూ చెబుతున్నాను. సరిగ్గా ఆ రోజే నాకు మాత్రలు మానేయాలనిపించింది. బాగానే ఉన్నాను కదా అనుకున్నాను. మానలేదు. నా తెలివి వల్ల కాదు, ఆ టార్చి వల్ల. మీకు ఏ టార్చీ లేకపోతే ఇంట్లో ఒక సత్యవతిని పెట్టుకోండి. ఆరు నెలలూ మింగాల్సిందే.

వార్డులో నా పక్క మంచం మీద రిటైరైన తెలుగు పంతులుగారు ఉండేవారు. నలభై నాలుగు కిలోలు. నేను ఫెదర్ నుంచి దాని పై క్లాసు లైట్‌కి ఎక్కానని అందరికీ చెబుతుంటే ఆయనకి ముచ్చటేసింది.

"ఒరే రాజూ, నాది ఏ క్లాసురా?"

"మీకింకా క్లాసు లేదు పంతులుగారూ. నలభై ఎనిమిది నుంచి మొదలు. మీరు ప్రస్తుతం ప్రేక్షకులు."

ఆయనకది చాలా పట్టింపయింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి క్లాసులు చెప్పినవాడికి క్లాసు లేదంటే ఎలా అన్నారు. మర్నాటి నుంచి నా గుడ్లలో ఒకటి అడిగి మరీ తినడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వార్డంతా అంటుకుంది. వారానికోసారి కాటా ఎక్కేటప్పుడు మేరీ దీదీ బరువు చదివితే, నేను మంచం మీద నిలబడి క్లాసు ప్రకటించేవాణ్ణి. పంతులుగారు నలభై ఎనిమిది తూగిన రోజున ఆయన చెయ్యి పైకెత్తాను. ఆయన సిగ్గుపడి, ఇంకో చెయ్యి కూడా ఆయనే ఎత్తుకున్నారు. అలల కథ ఆ వార్డులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అల ఒక మూర పెరిగేది, మేం తలా వంద గ్రాములు పెరిగేవాళ్ళం.

నవంబరులో చివరి మాత్ర. మేరీ దీదీ చివరిసారి టార్చి వేసి చూసి, "జావ్, చాంపియన్" అని ఇంటికి పంపేసింది. డిసెంబరులో అదే గిడ్డంగి, అదే కాటా. సత్యవతి వంగి ముల్లు చూసింది. అరవై ఏడు. ముల్లునే చూస్తూ చాలాసేపు లేవలేదు. లేచాక, "సొక్కా సరిపోనాది" అంది. అంతే. ఆ సాయంత్రం వంజరం పులుసు రెండుసార్లు వడ్డించింది. మా అన్నయ్య గేటు దాటి లోపలికొచ్చి, నా కంచంలో చెయ్యి పెట్టి ముక్క తీసుకున్నాడు.

2006, పోటీలు

డాక్టరు నన్ను నెలల తరబడి పరీక్షించి గానీ రింగులోకి పోనివ్వలేదు. ఫైనల్లో నేను, తపన్. కాటా దగ్గర అతనే వచ్చి నా నిక్కరు పట్టీ చేత్తో తడిమి చూశాడు. సీసం లేదు. జనంలో సత్యవతి, మేరీ దీదీ, కొత్త చొక్కా తొడుక్కున్న పంతులుగారు.

ఇక ఆ పోరు. మూడు రౌండ్లు సమానంగా నడిచాయి. నాలుగో రౌండులో సునామీ నాడు అలకిచ్చిన ఆ ఎడమ హుక్కే తపన్‌కిచ్చాను. ఓడ నుంచి దించిన బస్తాలా కూర్చుండిపోయాడు. రెఫరీ పది లెక్కపెట్టాడు. దీవులు ఊగిపోయాయి. ఈసారి భూకంపం కాదు, చప్పట్లు.

ఇప్పుడు

ఇంతవరకూ రాసి కాగితాలు సత్యవతికిచ్చాను. వాకిట్లో కూర్చుని ఓపిగ్గా చదివింది. చదివి, కళ్ళజోడు తీసి అంది.

"ఇది మేరీ దీదీకి కూడా సదివి ఇనిపిస్తావా, మావా?"

"ఎందుకు?"

"ఆరు నెలలు నీ నోట్లో టార్చేసి సూసిన మనిసికి, ఆ పన్ను సునామీలో పోనాదని సెప్తావా?"

దొరికిపోయాను. ఒప్పుకుంటున్నాను. ఆ ఆరు నెలలూ నా నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి. పన్ను పోయింది నాలుగో రౌండులో, తపన్ కుడిచేతి గుద్దుకి. బస్తాలా కూర్చున్నది నేను. పాయింట్ల మీద గెలిచింది అతను. అలని హుక్ కొట్టిన మాట నిజమే. తగల్లేదు, అంతే.

గెలుపు నా సొంత కల్పన. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, చెప్పిచెప్పి నాకే నిజమనిపించేది. కానీ బల్ల మీద కూర్చున్నవాళ్ళ కోసం రాస్తూ ఆ ముక్క ఉంచకూడదు. గెలిస్తేనే బాగుపడ్డట్టని మీరనుకుంటారు. ఉన్నదున్నట్టు చెబుతాను వినండి. ఏడాదిగా నన్ను ముట్టుకున్నవాళ్ళందరూ పగిలే గ్లాసుని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. మొదటి రౌండులో తపన్ నా పక్కటెముకల మీద మొదటి గుద్దు గుద్దినప్పుడు, రోగిని కొట్టినట్టు కొట్టలేదు. చాంపియన్ని కొట్టినట్టు కొట్టాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, లోపల దగ్గు లేదు. నాకు నవ్వాగలేదు. నోట్లో పళ్ళకి కాపుగా పెట్టిన రబ్బరు ఉందని మరిచి నవ్వుతూనే ఉన్నాను. నాలుగో రౌండుకి అది జారిపోయింది. ఆ పన్ను అందుకే పోయింది.

పాయింట్ల లెక్క ప్రకటించాక తపన్ తన చెయ్యి పైకెత్తించుకోవడం మానేసి, రింగులో మోకాళ్ళ మీద పాకుతూ నా పన్ను వెతుకుతున్నాడు. మేరీ దీదీ జనాన్ని తోసుకుని నా మూలకి వచ్చింది. రక్తంతో తడిసిన నా మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది.

"ముంహ్ ఖోలో."

తెరిచాను. టార్చి లేదు. కళ్ళు చిట్లించి, దవడల మూల దాకా చూసి, సత్యవతి వైపు తిరిగి చెప్పింది.

"ఒకటి తక్కువ. మిగతా మనిషంతా ఉన్నాడు."

ఆ పన్ను ఇప్పుడు మా ఇంట్లో, ఖాళీ మాత్రల డబ్బాలో ఉంది. కావాలంటే హాడో వచ్చి చూడండి, సత్యవతి చూపిస్తుంది.